మూడింటి కరెంటు

"ఏ గంటలో ఎంత కరెంటు కాలిందో ఫోన్లోనే కనబడుతుందండీ. మీరు ఊ అంటే రేపు పొద్దున్నే వచ్చి, ఈ పాత మీటరు తీసేసి స్మార్ట్ మీటరు పెట్టేస్తాను," అన్నాడు లైన్‌మన్ దుర్గేష్.

"పొద్దున్న చెబుతాను బాబూ," అంది కనకరత్నం.

కొల్లేరు పక్కన, చేపల చెరువు గట్టు మీదే ఆమె ఇల్లు. భర్త పోయాక నీళ్లు తిప్పే ఏరేటర్లు మూడూ అమ్మేసింది. చెరువు ఎండగట్టేసి ఎనిమిది నెలలైంది.

రాత్రి మూడింటికి ఆమెకి మెలకువ వచ్చింది. చెరువులో నీళ్లు చిలుకుతున్న చప్పుడు. ఆ వేళకి నీళ్లలో గాలి తగ్గి చేపలు పైకి తేలతాయని, ఆయన రోజూ లేచి ఏరేటర్లు వేసొచ్చేవాడు.

ఎనిమిది నెలలుగా రోజూ ఇదే చప్పుడు. భయపడే ఓపిక కూడా అయిపోయింది ఆమెకి. వసారాలోకి వెళ్లి టార్చి వేసింది. పడుకునే ముందు తను కట్టేసిన మెయిన్ స్విచ్చి కట్టేసినట్టే ఉంది. పాత మీటరులో చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది.

వద్దని చెప్పేయాలి దుర్గేష్‌కి. ఇక్కడ ఏ వేళకి ఏం తిరుగుతుందో ఇంకొకరి ఫోన్లో కనబడటం దేనికి?

వచ్చి పడుకుంది. కాసేపటికి చప్పుడు ఆగింది. తడి కాళ్ల అడుగులు గట్టు దిగి, వసారా దాటి, గుమ్మం దాకా వచ్చాయి.

కనకరత్నం కళ్లు తెరవకుండానే గోడ వైపుకి జరిగి, మంచం మీద చోటిచ్చింది.