తూనీగ రెక్కల కప్పు

వాగు ఒడ్డున తుమ్మకొమ్మకు పసుపన్న అనే గిజిగాడు గూడు అల్లాడు. అందరిలా గడ్డి కప్పితే తన గొప్పేముందని, రాలిన తూనీగ రెక్కలు ఏరి తెచ్చి పైకప్పంతా పరిచాడు. ఎండ పడితే చాలు, అద్దంలా తళతళలాడేది. పక్షులన్నీ నోరెళ్ళబెట్టి చూసేవి.

గిజిగాళ్ళలో గూడు నచ్చితేనే ఆడపిట్ట కాపురానికొస్తుంది. పొద్దున్నే ఒక ఆడపిట్ట వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"అందంగానే ఉందయ్యా. మధ్యాహ్నం పూట ఎప్పుడైనా ఇందులో కూర్చున్నావా?"

"లోపల కూర్చోవడమెందుకు? ఆ ఎదుటి కొమ్మ మీంచి చూడు, ఎంత బాగుంటుందో!"

"నేను గుడ్లు పెట్టేది ఎదుటి కొమ్మ మీద కాదుగా," అని ఎగిరిపోయింది.

పసుపన్నకు ఉక్రోషం వచ్చింది. మిట్టమధ్యాహ్నం లోపల దూరి, కాసేపటికే రొప్పుతూ బయటపడ్డాడు. రెక్కల గుండా లోపలికొచ్చిన ఎండ వేడి పైకి చేరి, పోయే దారిలేక అక్కడే నిలిచిపోతోంది.

సాయంత్రానికల్లా రెక్కల మీద గడ్డి అల్లేశాడు. ఎండ తగలని పక్క మాత్రం వెలుతురు కోసం నాలుగు రెక్కలు వదిలాడు. వాన కొట్టని వైపు, కప్పు అంచున, వేడిగాలి పోవడానికి సందు పెట్టాడు.

వారం తిరిగాక పక్షులు మళ్ళీ వచ్చాయి. "అయ్యో, బంగారంలాంటి గూడు పాడుచేసుకున్నాడే!" అని గోల చేశాయి.

లోపలి నుంచి, ఆనాడు ఎగిరిపోయిన ఆడపిట్ట గొంతు వినిపించింది.

"కాస్త మెల్లగా మాట్లాడండమ్మా. గుడ్ల మీద కూర్చున్నాను."