వేసవి కిమ్చీకి ఉప్పు

"ముప్ఫై క్యాబేజీలు! ఇంత కిమ్చీ పచ్చడి ఎవరికమ్మా?" విసురుగా అడిగాను.

ఆకుల మధ్య రాళ్ల ఉప్పు చల్లుతున్న అమ్మ తలెత్తలేదు. "మీకేనే. ఈ తొట్టెలోవి చలికాలానికి. ఆ తొట్టెలోవాటికి ఉప్పు ఎక్కువేశా, వచ్చే వేసవి దాకా పాడవవు."

"మరి నీకు? డాక్టరు కారం తినొద్దన్నాడుగా. కారం లేనిదేదీ?"

"నాకెందుకు లేవే."

నాకు ఒళ్లు మండింది. అమ్మ కడుపులో గడ్డ కరగాలని నలభై రోజులుగా తెల్లవారుజామునే చర్చికి పరిగెత్తి మోకరిస్తున్నాను.

"నీకసలు విశ్వాసం లేదమ్మా! దేవుడు నయం చేస్తాడని నేను ఏడుస్తుంటే, నువ్వు పోయే ఏర్పాట్లు చేసుకుంటున్నావ్!"

"నేనూ అడిగానే, హేరన్. అడిగీ అడిగీ అలిసిపోయి, ఒకరోజు 'ఇక్కడైనా, అక్కడైనా నీ దగ్గరే ఉంచుకో తండ్రీ' అన్నా. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అప్పట్నుంచీ రోజూ పడుతోంది. పట్టనిది నీకే."

నిజమే. అమ్మ గురక వింటూ తెల్లవార్లూ మేలుకుంటున్నది నేనే.

ఒక చిన్న క్యాబేజీ తీసి పక్కన పెట్టాను. "ఇది నీకు. కారం లేకుండా చేస్తా."

"సరే, చెయ్యి. క్రిస్మస్ దాకా వస్తే చాలు," అంది అమ్మ, చేతులు కడుక్కుంటూ.

ఆ చిన్న క్యాబేజీకని గుప్పిట నిండా తీసిన ఉప్పులో సగం మళ్లీ గిన్నెలో పోసేశాను.