పద్నాలుగో ఫొటో

"శవాలకు వెబ్‌సైటా? మతిగానీ పోయిందా నీకు?" బావ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"శవాలకు కాదు. వాళ్ల ఒంటిమీది వస్తువులకు," అంది అక్క. "మనిషి కనిపించకుండా పోతే ఇంటివాళ్లు మార్చురీల చుట్టూ తిరిగి ఒక్కో ముఖం మీది గుడ్డా తీయించి చూస్తున్నారు. ఇంట్లోనే కూర్చుని చొక్కానో చెప్పులో గుర్తుపడితే ఆ నరకం తప్పుతుంది కదా?"

దర్జీ దుకాణం పైన ఒకే గది. ఉన్నది ముగ్గురు. రాసే పని అక్కది, ప్రోగ్రాం తమ్ముడిది, నలుగురినీ కలిసి మాట్లాడుకొచ్చే పని అక్క మొగుడిది. గోడమీది బోర్డులో మూడు వ్యాపార ఆలోచనలు అప్పటికే కొట్టేసి ఉన్నాయి. కుట్టుమిషన్ల విడిభాగాలకు గోడౌను కావాలి. వినికిడి యంత్రాల రిపేరులోకి పెద్ద కంపెనీ దిగింది. అద్దె చక్రాల కుర్చీలు మోయడానికి ముగ్గురు చాలరు. ఇదీ పోతే ఎవరి ఉద్యోగం వాళ్లు వెతుక్కోవాల్సిందే.

"ఒక్క వారం చూద్దాం బావా," అన్నాడు తమ్ముడు. "వచ్చినవాళ్లు మళ్లీ వస్తే అవసరం ఉన్నట్టు. రాకపోతే మూసేద్దాం."

మర్నాడు అనుమతి కాగితం పట్టుకుని మార్చురీకి వెళ్లారు. కాపలాదారు ఒక్కో సంచీ విప్పి బల్లమీద పరిచాడు. అద్దం పగిలిన గడియారం. తాడుతో కట్టుకున్న కళ్లజోడు. పద్నాలుగో సంచీలో ఊదారంగు స్వెట్టర్. మూడో గుండీ తెల్లదారంతో కుట్టి ఉంది.

"ఆడమనిషి, ముప్పయ్యేళ్లుంటాయేమో. శవం కాలవలో దొరికింది. ఇంతవరకూ ఎవరూ రాలేదమ్మా," అన్నాడతను.

అక్క ఆ గుండీ కనిపించేలా స్వెట్టర్ సర్ది ఫొటో తీసింది.

సైట్ మొదలెట్టిన ఏడోరోజు ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మూడొందల మంది దాకా వచ్చారు. వింత చూసి పోయినవాళ్లే అందరూ. తిరిగొచ్చింది ఒక్కరే.

"రోజూ పొద్దున్నే వస్తున్నారు," అన్నాడు తమ్ముడు. "వేరే ఏదీ చూడరు. నేరుగా పద్నాలుగుకే."

బావ మాట మెత్తబడింది. "అడగడానికి ధైర్యం చాలడం లేదేమో, పాపం. ఇప్పుడున్నారా?"

"ఉన్నారు."

అక్క కీబోర్డు తనవైపు లాక్కుని సైట్‌లోని చాట్ తెరిచింది. 'మీవాళ్లేనాండీ? మొహమాటపడకండి, మేం తోడుంటాం' అని రాసి పంపింది.

కాసేపటికి తెరమీద అక్షరాలు కనిపించాయి. 'మా ఆవిడదే ఆ స్వెట్టర్.'

అక్క కళ్లు తుడుచుకుంది. బావ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్కరైతే ఒక్కరే. ఇది మూసేది లేదు," అన్నాడు.

ఇంకో ప్రశ్న వచ్చింది. 'తన కోసం ఇంకెవరైనా అడిగారా? వాళ్ల పుట్టింటివాళ్లు గానీ, పోలీసులు గానీ?'

'లేదండీ. మీరే మొదట,' అని రాసింది అక్క.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

'అయితే ఆ ఫొటో ఇప్పుడే తీసెయ్యండి. ఎంత కావాలో చెప్పండి.'