చచ్చిన హీరో ఎట్లా లేచినాడు?

కంబదూరు డేరా టాకీసులో ఇంగ్లీషు రాకెట్ల సినిమా, రెండో భాగం. మంటల్లో బూడిదైపోయిన హీరో, మరుసటి సీనులో నలగని చొక్కాతో ఫైటింగు చేస్తున్నాడు.

"ఏమప్పా, చచ్చినోడు ఎట్ల లేచినాడు?" జనం గోల పెట్టారు. కొందరు తెర మీదికి ఉరికారు.

ఊరి బళ్లో ఇంగ్లీషు చెప్పే అయివారిని నేనే. ఒక్క డైలాగూ అర్థం కాకపోయినా లేచి నిలబడ్డాను.

"కాలింది నకలు మనిషప్పా! అసలోడు ఇంకో గ్రహంలో దాక్కోనుండి ఇప్పుడొచ్చినాడు."

ఈలలు మోగాయి. వారమంతా టీ అంగట్లో అదే చర్చ. మూడో భాగంలో నకళ్ల దండే దిగుతుందని కూడా చెప్పాను.

ఆదివారం పొద్దున టాకీసు ఆపరేటరు దాసప్ప చిన్న సంచితో ఇంటికొచ్చాడు.

"ఆ పొద్దు కడాకి ఏయాల్సిన రీలు ముందే ఏసేసినా సార్. హీరో చచ్చేది ఆఖర్న. మీరు కనిపెట్టి కూడా, నన్ను కాపాడేకి అంత కత అల్లినారు. లేకుంటే ఓనరు ఆ పొద్దే నన్ను ఎల్లగొట్టేటోడు." వంగి నా కాళ్లకు మొక్కాడు. "ఇత్తనానికి దాచిపెట్టుకున్న శెనక్కాయలు సార్. ఈ కరువులో ఇంకేమీ లేదు. వద్దనద్దండి."

అతని కళ్లలోకి చూడలేకపోయాను.

"తెలిసే చెప్పినాలే, దాసప్పా" అని, సంచి అందుకున్నాను.