కొత్త మెమరీ

డ్యామ్ ఆఫీసులో కరెంటు పోయి, ఫ్యాన్లతో పాటు కంప్యూటరూ ఆగిపోయింది.

"ఎగువ నుంచి మన నాగులు ఫోన్లో చెప్పిన వరద అంకెలు లోపల భద్రంగానే ఉంటాయిగా?" అడిగాడు ఇంజనీరు సంజీవరావు.

"ఉండవండీ. పాత మెమరీ నిదానమైనా, కరెంటు పోయినా గుర్తుంచుకునేది. మీరు తెప్పించింది స్పీడే గాని, కరెంటుతోపాటే అన్నీ మర్చిపోతుంది," అంది ఆపరేటర్ హన్నా.

జనరేటర్ వేస్తే నాలుగు నిమిషాల్లో లెక్క తేలుతుంది. కానీ అంకెలేవీ? నాగులు ఫోను లైను తెగింది. కృష్ణ పొంగుతోంది. గేట్లెన్ని ఎత్తాలో చెప్పకపోతే ఊళ్లు మునుగుతాయి. రాసుకోవడాలు ఇక అనవసరమని పొద్దున హన్నా నోటుబుక్కు చెత్తబుట్టలో పడేసింది సంజీవరావే.

హన్నా జంకుతూ ఎడమచెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా సిరా అంకెలు.

"అలవాటు పోలేదండీ. తొందరగా రాసుకోండి, చెమటకి చెరిగిపోతున్నాయి."

సంజీవరావు చెత్తబుట్ట మీదికి వంగాడు.