మూడో గోడ

“ఈ పొద్దన్నా కండ్లు పెడతావా అన్నా?”

పెనుకొండ బస్టాండు గోడ దగ్గర శ్రీకాంత్ ఈ మాట అడగడం ఇది ఎనిమిదో రోజు. నిచ్చెన మీదున్న మద్దిలేటి వెనక్కి తిరగలేదు. గోడ నిండా శ్రీకాంత్ నాయన నరసింహులు మొహం. టీకొట్టు నరసింహులంటే ఊర్లో తెలియనివాళ్లు లేరు. మీసం వచ్చింది, తలగుడ్డ వచ్చింది, చెవిపోగు కూడా వచ్చింది. కండ్లున్న చోట మాత్రం రెండు తెల్లటి ఖాళీలు.

“రంగు ఆరలేదప్పా, రేపు చూద్దాం,” అన్నాడు మద్దిలేటి. పచ్చి అబద్ధం. ఆ ఎండకు రంగు ఇట్టే ఆరిపోతుంది.

మద్దిలేటిది ధర్మవరం పక్క పల్లె, తోలుబొమ్మలు చేసే ఇల్లు. వాళ్లకు బొమ్మకు కన్ను తెరవడం ఆఖరి పని. టెంకాయ కొట్టి, ఉలితో కన్ను తొలిచాక ఇక ఆ బొమ్మకు ప్రాణం వచ్చినట్టే లెక్క. ఆట ఆడించే ఊళ్లే కరువై, దీపాల మీదకు తోలు గొడుగులు చేసి అమ్ముకుంటూ ఆయన రోజులు నెట్టుకొస్తున్నాడు. అట్లాంటప్పుడు పెండ్లాం వెంకటక్క ఎక్కడినుంచో ఒక కరపత్రం తెచ్చి చేతిలో పెట్టింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊర్లలో మూడు గోడలు. వాటి మీద ఊరి మనుషుల మొహాలు, తోలుబొమ్మ వాటంలో. ఫోటోలు చూసి గీసే కళాకారులు కావాలట. ముసలితనంలో గోడలెక్కేదేందని ఆయన విసుక్కుంటే, “నీ చెయ్యి నలుగురూ చూడల్ల,” అని ఆమే పోయి పేరు రాయించి వచ్చింది.

మొదటి గోడ హిందూపురంలో, పూలమ్మే ఉలిగమ్మది. కన్ను తెరిచే రోజున, ఈ పనంతా నడిపించే హేమావతి మేడమ్ ఉలిగమ్మను ఆటోలో పిలుచుకొచ్చింది. మండే ఎండలో శాలువా కప్పుకొని, ఆటో దిగకుండానే ఆమె తన బొమ్మను చూసుకుంది, రెండు చేతులెత్తి మొక్కింది. మూడో నాడు చచ్చిపోయింది.

వయసైంది, పోయింది, అనుకున్నాడు మద్దిలేటి. అనుకున్నంత మాత్రాన గుండె ఊరుకుంటుందా. పెనుకొండలో మొహమంతా గీసి, కండ్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. కన్ను పెట్టకుంటే ఈ మనిషన్నా బతుకుతాడని ఒక ఆశ. వీళ్ల తొందర చూస్తే ఆయనకు ఇంకా భయం వేసింది. కొడుకేమో దినామూ వస్తాడు, మేడమేమో పూటకోసారి ఫోను చేస్తుంది. ఎందుకింత తొందరని అడిగితే ఇద్దరూ మాట మార్చేవాళ్లే.

తొమ్మిదో రోజు ఆటో వచ్చేసింది. లోపల నరసింహులు మెడకు టవలు చుట్టుకొని, గోడ మీది ఖాళీల వైపే చూస్తూ కూర్చున్నాడు. బస్టాండు జనమంతా చూస్తుంటే మద్దిలేటి కాదనలేకపోయాడు. ఎడమ కన్ను ముందు, కుడి కన్ను తర్వాత తెరిచాడు. ఆ సాయంత్రమే నరసింహులు పోయాడు.

ఇక జనం నోళ్లకు తాళాలు పడతాయా. మద్దిలేటి హోటల్లో కూర్చుంటే పక్కవాడు లేచి పోయాడు. ఒకామె ఆయన్ని చూసి బిడ్డ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. పల్లెలో కుళ్లాయప్ప, వరసకు అన్న, మొహం మీదే అనేశాడు.

“మొదటి రోజే నీ ఫోటో తీసుకున్యారు కదప్పా. మూడో గోడ నీదేనేమో చూసుకో.”

కార్డుకని చెప్పి తీసుకున్న మాట నిజమే. మద్దిలేటి ఇంటికొచ్చి, తన చెయ్యి మనుషుల్ని తింటాందని, ఇంక కుంచె పట్టనని ఏడ్చాడు. వెంకటక్క ఆయన కుంచెలు కడిగి ముందర పెట్టింది.

“ధర్మవరం గోడ ఒక్కటీ గీయి. మళ్ల నిన్నేమీ అడగను,” అంది.

ముప్పై ఏండ్ల కాపురంలో ఆమెలో ఇంత మొండితనం ఆయన చూడలేదు. ఇంకో మనిషి పోయినా నీకేం పట్టదా అని మండిపడి, బస్సెక్కి ధర్మవరం పోయాడు. హేమావతి గోడ దగ్గరే ఉంది. గోడ సున్నం కొట్టించుకొని తెల్లగా తయారై ఉంది.

“ఈసారి ఎవుర్ని చంపేకి పిలిచినారమ్మా?” అన్నాడు.

హేమావతి మొహం మాడిపోయింది. కూర్చోమంటే ఆయన కూర్చోలేదు.

“నేను ఆస్పత్రిలో పని చేస్తానన్నా,” అంది మెల్లగా. “ఇంక మందుల్లేవని డాక్టర్లు ఇంటికి పంపేసినోళ్లను చూసుకునేది నా పని. ఉలిగమ్మా, నరసింహులూ అట్లాంటోళ్లే. పోయేలోపల మా ఊర్లో మా మొహం చూసుకోవల్ల అని వాళ్లే అడిగినారు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యారు. నరసింహులుకు డాక్టరు రెండు దినాలే అన్నాడు. నువ్వు పెట్టే కండ్ల కోసం తొమ్మిది దినాలు ప్రాణం పట్టుకొనుండె.”

మద్దిలేటి గోడకానుకొని కూలబడ్డాడు. తన చెయ్యి ఎవరినీ తినలేదు. పైగా ఆ ముసలాయన్ని ఎనిమిది దినాలు ఊరికే ఎదురుచూయించాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది, గుండె మీది బరువు దిగిపోయి నవ్వూ వచ్చింది. ఇంటికి పోతూనే వెంకటక్క చేతులు పట్టుకోవాలి, అన్న మాటకు తప్పయిందని చెప్పుకోవాలి.

“ఆ మూడో గోడ ఫోటో ఇయ్యమ్మా,” అని లేచాడు. “ఈయప్పను ఎదురుచూయించను. రేపటికే కండ్లు పెడతా.”

హేమావతి సంచిలోంచి కవరు తీసింది గానీ, వెంటనే ఇవ్వలేకపోయింది.

“ఆడమనిషి అన్నా. మొదట ఆ రెండు ఊర్లూ కానియ్యి, నాది ఆఖర్న పెట్టు అని అడిగింది. అంతే అడిగింది.”

ఎవరో గానీ గుండె గట్టిదే అనుకుంటూ మద్దిలేటి కవరు అందుకొని ఫోటో బయటికి తీశాడు.

వెంకటక్క.