రేకుల మీద వాన

"ఇయ్యాల్నే వచ్చి తీస్కపోత అత్తమ్మా. మా అమ్మ ఊకుంట లేదు. మంచి దినమట," అన్నాడు తాండూరు నుంచి ఫోన్లో అల్లుడు మహిధర్.

మొగులమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. బిడ్డ నిరోషా పురుటికి పుట్టింటికి వచ్చింది. మనుమరాలు సహస్ర ఎదురుగా తొట్టెలలో కాళ్లు ఆడిస్తోంది. మూడో నెల నిండిందో లేదో, అప్పుడే తీసుకుపోతారట!

"గీ దినాలల్ల పసిపిల్లను బయటికి తీస్తరా అల్లుడా? పొద్దుగాల చలి, పగటీలి నిప్పులు, పొద్దుమీకితె మొగులు, వాన. మొన్న ధారూర్‌ల వడగండ్లు పడి మామిడి పూతంత రాలిందట. రైలు కిటికీల కెల్లి గాలి కొడితె పిల్లకు నిమ్ము జేస్తది. నిమ్ము జేస్తె ఇంకేమన్న ఉన్నదా?"

"ఇప్పుడైతె మంచిగనే ఉంది గద అత్తమ్మా. వాన పడితె చెప్పు, రాను. మధ్యాహ్నం బండికి బయల్దేరే ముందు మల్ల చేస్త."

మొగులమ్మ వాకిట్లోకి వచ్చి తల ఎత్తి చూసింది. ఈ ఫాల్గుణంలో రోజూ ఏదో ఒక మూల నల్లబడి, ఉతికిన బట్టలు ఆరేసుకోనివ్వని ఆకాశం, ఇవాళ మాత్రం తోమిన పళ్లెంలా మెరుస్తోంది. వికారాబాద్ మొత్తం మీద మబ్బు తునక లేదు.

లోపల నిరోషా పిల్ల గౌన్లు సంచిలో సర్దుతోంది, మళ్లీ తీస్తోంది.

"నువ్వన్న చెప్పవేందే? పోతవా, ఉంటవా?"

"పోతె నువ్వు యాదికొస్తవ్, ఉంటె ఆయన యాదికొస్తడు. నన్ను అడగకే అమ్మా!"

ఈ పిల్లతో కాదని మొగులమ్మ భర్త జంగప్ప దగ్గరికి పోయింది. ఆయన పేపర్ మొహం మీద కప్పుకొని కునుకు తీస్తున్నాడు.

"ఏమయ్యా, లే. మిద్దెక్కు."

"ఎందుకే?"

"వాన పడాలె."

జంగప్ప పేపర్ తీసి ఆకాశాన్ని చూశాడు, భార్యను చూశాడు. "ఎండ దెబ్బ గిట్ల తగిలిందా నీకు?"

"నేను పెరట్ల నిలబడి ఫోన్ మాట్లాడుత. చెయ్యి లేపంగనే నువ్వు గుమ్మం ముందరి రేకుల మీద బిందెతోని నీళ్లు పొయ్యాలె. ఒక్కసారె గుమ్మరియ్యకు, వాన లెక్క పొయ్యి. తర్వాత గీ చేటల శనగలు చల్లు."

"శనగలెందుకే?"

"వడగండ్లకు."

"దొరికిపోతమే! అల్లుని ముందట ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోతె నేను చూస్కుంట. పిల్లకు జరమొస్తె నువ్వు చూస్కుంటవా?"

జంగప్ప ఒక చేత్తో చేట, ఇంకో చేత్తో బిందె పట్టుకొని గొణుక్కుంటూ మెట్లెక్కాడు. అంతలో కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. వడగాలి రాకుండా మొగులమ్మ వీధి తలుపు గట్టిగా మూసింది. పిల్ల నిద్రపోయింది.

అనుకున్న దానికంటే ముందే ఫోన్ మోగింది. మొగులమ్మ పెరట్లోకి ఉరికి చెయ్యి లేపింది. మిద్దె మీద జంగప్ప కళ్లు ఆమె చేతి మీద, బిందె మూతి ముందరి రేకుల మీద.

"అత్తమ్మా, నేను..."

"రాకుండ్రి అల్లుడా, రాకుండ్రి! ఈడ ఆగమాగం ఉంది!"

రేకుల మీద దబదబా చప్పుడు మొదలైంది.

"అదిగాదు అత్తమ్మా, జర నా మాట..."

"ఏం వినవడ్త లేదు బిడ్డా, గట్ల కొడుతుంది వాన! మీ తాండూర్‌ల ఎండ ఉంటె ఉండొచ్చు. ఇది అనంతగిరి గుట్టల పక్కన. ఎప్పుడేమైతదో ఎవ్వలికి ఎరుక?"

ఆమె మళ్లీ చెయ్యి ఊపింది. శనగలు రేకుల మీద టపటపా దూకాయి.

"అయ్యో, వడగండ్లు గూడ షురువైనయి! ఒక్కోటి శనగ గింజంత ఉన్నది!"



"ఔను అత్తమ్మా," అన్నాడు మహిధర్ నెమ్మదిగా. "శనగ గింజంతనే ఉన్నయి."

మొగులమ్మకు ఏదో తేడా కొట్టింది. అప్పటికే చప్పుడు విని నిరోషా వీధి తలుపు తీసింది. "అయ్యో, నువ్వా!" అని కేక వేసింది.

మొగులమ్మ పరుగెత్తుకొచ్చింది. గుమ్మం ముందు, రేకుల అంచు కింద మహిధర్. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా జేబు నిండా శనగలు. వెనక వీధిలో ఎండ ఫెళ్లున కాస్తోంది.

"పిల్లను చూడబుద్ధయి ఆగలేక ముందే బస్సెక్కిన," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "బెల్లు మోగలే. అందుకె ఫోన్ చేసిన."

పైన జంగప్ప పిట్టగోడ వెనక దాక్కున్నాడు. మొగులమ్మకు కళ్ల ముందు అన్నీ కనిపించసాగాయి. ఇప్పుడు అల్లుడు అలుగుతాడు. పిల్లను తీసుకొని వచ్చిన కాళ్ల మీదే వెళ్లిపోతాడు. ఇక పండక్కు పంపరు, పబ్బానికి పంపరు. మనుమరాలి ముఖం ఫోటోలో చూసుకోవాల్సిందే.

మహిధర్ గుమ్మంలోంచే తొట్టెల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తువ్వాలతో తుడిచి నంబర్ నొక్కాడు.

"ఎవరికి అల్లుడా?"

"మా అమ్మకు."

మొగులమ్మ రెండు చేతులూ జోడించింది. "తప్పయింది అల్లుడా! కావాల్నంటె ఇప్పుడే తీస్కపోండ్రి. వదినెకు మాత్రం చెప్పకుండ్రి!"

మహిధర్ నోటి మీద వేలు పెట్టుకొని, తల ఎత్తి మిద్దె వైపు చూసి గుసగుసగా అన్నాడు.

"మామా, ఇంకో బిందె పొయ్యి. శనగలు జర గట్టిగ కొట్టు, మా అమ్మకు సరిగ్గ వినవడదు."